సెట్టు లేకుండా నలభై రెండు

నగరిలో మరమగ్గాల షెడ్లు పొద్దున ఆరింటికి మొదలవుతాయి. దానికి పది నిమిషాల ముందు, బయట టీ తాగేవాళ్లు ఒకరినొకరు అడిగే మాట ఒకటుంది: "సెట్టు ఏసుకున్నావా?"

సెట్టు అంటే మందుల షాపులో చిన్న కాగితం కవర్లో వేసిచ్చే మూడు మాత్రలు. నొప్పులకు ఒకటి, కడుపుమంటకు ఒకటి, బలానికి ఒకటి. అట్టల నుంచి తీసి కలిపేస్తారు కాబట్టి దేని పేరూ ఎవరికీ తెలియదు, రంగే గుర్తు. పన్నెండు గంటలు నాలుగు మగ్గాల మధ్య నిలబడి తిరిగేవాళ్లకు అది టీ తర్వాత టీ లాంటిది. డాక్టరు ఇచ్చేది మందు, సెట్టు మందు కాదు.

చెంగల్రాయుడు పదకొండేళ్లుగా వారానికి రెండు సెట్లు వేసుకునేవాడు. నలభై ఎనిమిదేళ్ల మనిషి. సన్నగా, నిటారుగా ఉంటాడు. తన జన్మలో మాత్ర ఎరగనని అందరికీ చెప్పేవాడు. అది అబద్ధమని అతనికి తెలియదు.

పరుగు అతనికి నడక నుంచి వచ్చింది. ప్రతి ఏడూ ఆడికృత్తిక పండుగకు కావడి ఎత్తుకొని తిరుత్తణి కొండకు నడిచి పోతాడు. ఒకసారి ఆ దారిలో అతని పక్కన నడిచిన జయచంద్ర పోస్టాఫీసులో గుమాస్తా. నలభై రెండు కిలోమీటర్ల పరుగు పందేలు అప్పటికే మూడు పూర్తి చేసినవాడు. తాను రొప్పుతుంటే, భుజాన కావడితో ఉన్న మనిషి మామూలుగా మాట్లాడుతూ నడవడం చూసి ఆయన వదల్లేదు. మర్నాటి నుంచే పొద్దున నాలుగున్నరకు ఇంటి ముందు నిలబడి పిలవడం మొదలుపెట్టాడు. రెండేళ్లలో చెంగల్రాయుడు ఇరవై కిలోమీటర్లు అవలీలగా పరిగెత్తేవాడయ్యాడు. డిసెంబరులో తిరుపతిలో జరిగే నలభై రెండుకు పేరు రాయించుకున్నాడు. పూర్తి చేసి వస్తానని షెడ్డులో అందరి ముందూ చెప్పాడు.

షెడ్డులో పక్క మగ్గాలు సుందరరాజువి. ఆయన నోటికి అడ్డు లేదు.

"ఆదివారం యాడికి పరిగెత్తేది?"

"పుత్తూరు దాకా పోయి వస్తాం. ఇరవై ఎనిమిది."

"మంచి ఊరే చూసుకున్నావప్పా. పోయినోడివి కాలికి కట్టు కూడా ఆడ్నే కట్టించుకొని రా. మళ్లా బస్సు చార్జీ మిగుల్తాది."

ఎముకలు విరిగినవాళ్లు ఎక్కడెక్కడి నుంచో కట్టు కోసం పుత్తూరుకు వస్తారు. నవ్వనివాడు లేడు. చెంగల్రాయుడు కూడా నవ్వాడు.

ఆ ఆదివారం కృత్తిక వచ్చింది. కృత్తిక నాడు అతనికి ఒక్కపొద్దు. సాయంత్రం పూజ అయ్యేదాకా అన్నం ముట్టడు. నీళ్లు తాగొచ్చు గానీ, ఒక్కపొద్దు నాడు వాటిని కూడా తక్కువగా తాగడం వాళ్ల నాయన నుంచి వచ్చిన అలవాటు. ముందురోజు నుంచి ఎడమ పిక్క లాగుతోంది. అందుకని బయలుదేరే ముందు సెట్టు వేసుకున్నాడు. మాత్ర వేసుకుంటే ఒక్కపొద్దు చెడదు కదా. పుత్తూరులో వెనక్కి తిరిగేటప్పటికి పిక్క మళ్లీ పట్టింది. జయచంద్ర జేబులోంచి అట్ట తీశాడు.

"ఇది ఏసుకో. నేను పందెంలో ఇదే ఏసుకునేది."

"ఇంగేమైనా ఏసుకున్నావా?" అని ఆయన అడగలేదు. అడిగినా చెంగల్రాయుడు లేదనే చెప్పేవాడు.

ఇల్లు చేరాడు. ఆ సాయంత్రం మూత్రం డికాషన్ రంగులో వచ్చింది. ఎండ వేడి అనుకున్నాడు. సోమవారం మగ్గం దగ్గర రెండుసార్లు వాంతి అయింది. ఆ రోజంతా మూత్రం దాదాపు రాలేదు. మంగళవారం పొద్దున పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టకపోతే, భార్య సంతోషమ్మ ఇంకేమీ వినకుండా తిరుపతి బస్సు ఎక్కించింది.

ఆసుపత్రిలో డాక్టరు రక్తపరీక్ష కాగితం చూస్తూ అడిగాడు. "ఏం మాత్రలు వేసుకున్నారు?"

"ఏమీ లేదు సార్. నేను మాత్రలు ఏసుకోను."

"పరుగు రోజు?"

"జయచంద్ర ఇచ్చింది ఒకటే సార్, దావలో."

సంతోషమ్మ మంచం అవతల నిలబడి ఉంది. "సెట్టు ఏసుకున్నాడు సార్."

"అది మాత్ర కాదే. సెట్టు."

డాక్టరు కాగితం దించాడు. "సెట్టులో ఏముంటాయి?"

"తెల్లది, పచ్చది, ఎర్రది."

"పేర్లు కావాలి. మీ కిడ్నీలు రెండూ పని తగ్గించేశాయి. రక్తంలో ఒకటింపావు దాటకూడని క్రియాటినిన్ లెక్క మూడు దగ్గర ఉంది. మీ లోపలికి ఏం పోయిందో నాకు తెలియాలి."

సంతోషమ్మ షాపుకు ఫోన్ చేసింది. ఎత్తింది అమల. సత్రవాడ అమ్మాయి. ఫార్మసీ చదివి, ఆ షాపులో చేరి అప్పటికి నెల. డాక్టరు ఫోన్ తీసుకుంటే ఆమె ఒక్కొక్క డబ్బా తీసి, అట్ట వెనక ఉన్న పేరు, ఎన్ని మిల్లీగ్రాములో చదివి చెప్పింది. తెల్లది నొప్పి మాత్ర. జయచంద్ర అట్టలోది పేరు వేరైనా ఆ జాతిదే. ఖాళీ కడుపున, నీళ్లు చాలని ఒంటితో, మూడు గంటల పరుగులో ఒకే జాతి మాత్రలు రెండు.

అయిదు రోజులు సెలైన్ ఎక్కించారు. మూత్రం మామూలుగా రావడం మొదలైంది, లెక్క మెల్లగా దిగింది. డిసెంబరు పందెం అతను లేకుండానే జరిగిపోయింది. పంపించేటప్పుడు డాక్టరు చెప్పింది రెండు మాటలు. ఆ జాతి నొప్పి మాత్రలు ఇక జన్మలో వద్దు. మూడు నెలల తర్వాత పరీక్ష బాగుంటే పరిగెత్తొచ్చు.

రెండో మాటనే అతను పట్టుకున్నాడు.

మార్చిలో పరీక్ష బాగుంది. ఆ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకొని, నగరిలో బస్సు దిగి నేరుగా అమల దగ్గరికి పోయాడు. షాపులో ఆమె తప్ప ఎవరూ లేరు.

"అమలమ్మా, ఈ డిసెంబరుకు నలభై రెండు పరిగెత్తాల."

"పరిగెత్తన్నా. నన్నెందుకు అడిగేది?"

"డాక్టరు పరిగెత్తమన్నాడు, మాత్ర వొద్దన్నాడు. మాత్ర ల్యాకుండా అంత దూరం ఎట్ల పోయేది?"

"మాత్ర ఉంటేనే పొయ్యేదైతే, పందెంలో చొక్కాకు తగిలించే నంబరు కాగితం మాత్రకే తగిలించి పంపీ. నువ్వు ఇంట్లో పడుకో."

అతను నవ్వకుండా జేబులోని పరీక్ష కాగితం తీసి ముందు పెట్టాడు. ఆమె చదివి తిరిగి ఇచ్చింది.

"అన్నా, గంటల తరబడి పరిగెత్తితే రక్తమంతా కాళ్లకు పోతాది. కిడ్నీలకు తగ్గిపోతాది. అప్పుడు వాటి దావ మూసుకుపోకుండా ఒళ్లే ఒక పదార్థం తయారు చేసుకుంటాది. ఆ తెల్ల మాత్ర దాన్నే ఆపేది. నొప్పి తెలీకుండా చేసేదీ అట్లనే. నీళ్లు తక్కువైతే ఇంకా మోసం."

చెంగల్రాయుడికి మగ్గం గుర్తొచ్చింది. పేక, అంటే అడ్డంగా పోయే నూలు, తెగితే మగ్గం తనంతట తాను ఆగిపోవడానికి దానికి ఒక చిన్న ఇనుప ముల్లు ఉంటుంది. మాటిమాటికీ ఆగుతుంటే విసుగొచ్చి కొందరు దాన్ని దారంతో కట్టేస్తారు. మగ్గం ఆగకుండా ఆడుతుంది. గజాల కొద్దీ గుడ్డ పేక లేకుండా దిగిపోయాక గానీ సంగతి తెలియదు. అతను ఒక్కసారి కూడా ఆ ముల్లు కట్టని నేతగాడు. కట్టినవాళ్లను తిట్టేవాడు.

"నేను ముల్లు కట్టేసినాను," అన్నాడు.

అమలకు అర్థం కాలేదు. అతను చెప్పాడు. ఆమె విని, "అదే," అంది.

తర్వాత, ఆసుపత్రి చీటీ చూసి, అతనికి ఏది పనికొస్తుందో చెప్పింది. పరుగుకు ముందు ఏదీ వద్దు, పరుగులో ఏదీ వద్దు. అయిపోయాక నీళ్లు తాగి, అన్నం తిని, ఒంటికి పోయి వచ్చి, అప్పటికీ ఓర్చుకోలేకపోతే డాక్టరు రాసిన పారాసిటమాల్ ఒకటి. ఆరు గంటల లోపల రెండోది లేదు.

"జలుబుకు ఇచ్చేదాంట్లో కూడా అదే ఉంటాది. పేరు చూసుకోకుండా రెండూ మింగొద్దు. మూడో రోజు కూడా మాత్ర కావాలనిపిస్తే నా దగ్గరికి రావద్దు. తిరుపతి బస్సెక్కు."

"పొద్దున లేచేటప్పటికే నొప్పి ఉంటే?"

"ఆ రోజు పరుగు లేదు."

"ఒక్కపొద్దు నాడు?"

"స్వామికి నువ్వు బాగుండేదే కావాల. ఆ రోజు పరిగెత్తొద్దు, మర్నాడు పరిగెత్తు."

సెట్టు మానేసిన మొదటి రెండు నెలలు అతనికి పరుగు కంటే మగ్గమే కష్టమైంది. పదకొండేళ్లలో తన ఒంట్లో ఎన్ని నొప్పులున్నాయో అతను చూడనే లేదు. మధ్యాహ్నం మూడయ్యేసరికి మడమలు మండేవి. నడుం కింద ఒక చోట గుచ్చేది. ఓర్చుకోవడం అతని పద్ధతి కాదు, కారణం వెతకడం అతని పద్ధతి. సిమెంటు నేల మీద చెప్పుల్లేకుండా నిలబడుతున్నానని తెలుసుకున్నాడు. లారీ టైరు షాపు నుంచి పాత రబ్బరు ముక్కలు తెచ్చి నాలుగు మగ్గాల ముందూ పరిచాడు. నూలు కండె మార్చేటప్పుడు ఎప్పుడూ ఎడమ కాలి మీదే ఒరుగుతున్నానని గమనించి, ఒక పూట ఆ కాలు, ఒక పూట ఈ కాలు అని మార్చాడు. ఎడమ పిక్క ఎందుకు లాగేదో అప్పుడు తెలిసింది.

"పెండ్లి పందిరి మాదిరి పరిచినావే," అన్నాడు సుందరరాజు రబ్బరు చూసి. పది రోజులకు ఆయన మగ్గాల ముందు కూడా రబ్బరు పడింది.

నొప్పుల్లో తేడా కూడా నేర్చుకున్నాడు. రెండు కాళ్లకూ సమానంగా, బరువుగా ఉండేది అలసట. అది రెండో రోజుకు పోతుంది. ఒక కాలిలో, ఒకే చోట, వేలు పెట్టి చూపించగలిగే నొప్పి వేరు. అలాంటి రోజు ఆ కాలి మీద పదిసార్లు గెంతి చూసేవాడు. గెంతలేకపోతే బూట్లు విప్పేసి పడుకునేవాడు. ఆగస్టులో ఇరవై, సెప్టెంబరులో ఇరవై ఎనిమిది, అక్టోబరు చివర ముప్పై రెండు. ప్రతిసారీ ముందు సంగటి తిని, మజ్జిగ సీసా నడుముకు కట్టుకొని పోయేవాడు. మార్చి నుంచి అక్టోబరు దాకా అతను వేసుకున్న పారాసిటమాల్ నాలుగు.

నవంబరు మొదటి వారంలో కుడి మోకాలి బయటి వైపు పట్టుకుంది. వేలు పెట్టి చూపించగలిగే నొప్పి. ఆరో గెంతుకే కాలు కింద పెట్టలేకపోయాడు. పందెం నాలుగు వారాలే ఉంది.

జయచంద్ర వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఆయన ఇప్పుడు తన అట్ట జేబులో పెట్టుకోడు గానీ, ఆ ఆలోచన పూర్తిగా పోలేదు.

"ఇంకొక్క పెద్ద పరుగు పడాల రాయుడూ. ముప్పై అయిదు. అది ల్యాకుండా నలభై రెండు రాదు. ఒక్క దినానికి ఏదైనా ఏసుకొని..."

"ఒక్క దినమే నేను ఆసుపత్రికి పోయింది."

"పోయిన సారి రెండు ఏసుకున్నావు, నీళ్లు తాగల్యా. అది వేరే."

"డాక్టరుకు వేరే కాదులే. ఈ ఆదివారం పరిగెత్తను. వచ్చే ఆదివారమూ పరిగెత్తను."

"అప్పుడు నువ్వు పూర్తి చేస్తావని ఏంది నమ్మకం?"

"ముప్పై రెండు దాకా తెలుసు. మిగతా పది నడిచైనా పోతా."

జయచంద్ర తల అడ్డంగా ఊపుతూ లేచాడు. లోపల నుంచి సంతోషమ్మ, "కాఫీ తాగి పో అబ్బయ్యా, దాంట్లో ఏం మాత్ర కలపల్యా," అంది.

రెండో వారం బుధవారం షెడ్డు నుంచి వస్తూ ఐస్ పెట్టుకునే రబ్బరు సంచి కోసం మందుల షాపుకు పోయాడు. అమల ఆ రోజు సెలవు. కౌంటరులో ఓనరు ఉన్నాడు. అతను కుంటడం చూసి, ఏమీ అడగకుండానే, చేతి అలవాటుగా మూడు మాత్రలు కవర్లో వేసి ముందుకు తోశాడు.

చెంగల్రాయుడు కవరు తెరిచి చూశాడు. తెల్లది, పచ్చది, ఎర్రది. మోకాలు అప్పుడు గట్టిగానే నొప్పిగా ఉంది. ఇది వేసుకుంటే రేపు పొద్దున దిగి పరిగెత్తగలడని అతనికి బాగా తెలుసు. మూడు వారాల్లో రెండు పెద్ద పరుగులు పడతాయి. జయచంద్ర చెప్పింది అబద్ధం కాదు, ముప్పై అయిదు చూడకుండా నలభై రెండుకు పోయేవాళ్లు సగంలో కూర్చుంటారు. పోయిన ఏడాది అయితే వేసుకున్నానని కూడా గుర్తుండేది కాదు.

"వీటి పేర్లేందన్నా?"

"పేర్లెందుకప్పా? ఇది నొప్పికి, ఇది గ్యాసుకు, ఇది బలానికి."

"నొప్పిదాని పేరు?"

ఓనరు అట్ట కోసం వెనక్కి తిరిగాడు. చెంగల్రాయుడు కవరు మడత పెట్టి గాజు బల్ల మీద ఉంచాడు.

"చదవొద్దులే. నాకు తెలుసు. ఆ సంచి మాత్రం ఇయ్యి."

రెండు ఆదివారాలు పరిగెత్తలేదు. పొద్దున పూట తొడ పక్క కండరాలు సాగదీయడం, మెట్టు మీద నిలబడి ఒంటికాలితో దిగడం, ఇవి అమల ఫోన్లో చూపించినవి. మూడో వారం పదిసార్లూ గెంతగలిగాడు. ఎనిమిది కిలోమీటర్లు పరిగెత్తి చూశాడు, తర్వాత పన్నెండు. అంతకు మించి పోలేదు. షెడ్డులో పందెం కట్టేవాళ్లు అతని మోకాలు చూసి ముప్పై దాటడని కట్టారు. సుందరరాజు దాటతాడని కట్టాడు. ఎందుకురా అంటే, "వాడు రబ్బరు పరిచినప్పుడే అనుకున్నా," అన్నాడు.

పందెం పొద్దున అయిదింటికి తిరుపతిలో మొదలైంది. చలి. సంతోషమ్మ, సుందరరాజు ముందురోజే వచ్చి బస్టాండు దగ్గర లాడ్జిలో దిగారు. చెంగల్రాయుడు రెండు ఇడ్లీలు తిని, నీళ్లు తాగి, వరసలో వెనక నిలబడ్డాడు. ఆరు గంటల్లో పూర్తి చేయాలి, తర్వాత గడియారం తీసేస్తారు.

పది కిలోమీటర్లు, ఇరవై. కొండల మీద ఎండ పడేటప్పటికి జూపార్కు రోడ్డులో ఉన్నాడు. కాళ్లు రెండూ సమానంగా బరువెక్కాయి. అది అతనికి తెలిసిన బరువు. నీళ్లిచ్చే బల్ల వచ్చిన ప్రతిచోటా ఆగి తాగాడు. ముప్పై దాటాడు. షెడ్డులో కొందరు ఓడిపోయారని గుర్తొచ్చి నవ్వుకున్నాడు.

ముప్పై ఒకటో కిలోమీటరు బోర్డు దగ్గర మోకాలి బయటి వైపు సూది దిగినట్టయింది. ఆగాడు. గెంతి చూశాడు. నాలుగు. మెల్లగా రెండు వందల అడుగులు పరిగెత్తి చూశాడు. సూది అక్కడే ఉంది. వాచీ చూశాడు, నాలుగు గంటల తొమ్మిది నిమిషాలు.

పక్కన వస్తున్న కుర్రాడు, చొక్కా మీద చెన్నై పరుగు సంఘం పేరున్నవాడు, ఆగి నడుము సంచిలోంచి అట్ట తీశాడు. "ఒకటి వేసుకోండి అన్నా. అరగంటలో తగ్గుతుంది. పదకొండేగా, టైంలోపే పోవచ్చు."

"అది తగ్గదు తమ్ముడూ, కనపడకుండా పోతాది. నువ్వూ ఎక్కువ మింగొద్దు, నీళ్లు తాగు. పో, నీకు టైం ఉండాది."

కుర్రాడు పోయాడు. చెంగల్రాయుడు నడక మొదలుపెట్టాడు. నడిస్తే సూది గుచ్చడం లేదు. గంటకు అయిదు కిలోమీటర్ల పైనే నడుస్తాడు. ఆరు గంటలకు చేరలేడని లెక్క వెంటనే తేలింది. చేరతాడని కూడా తేలింది. నడక అతనికి కొత్త కాదు, చేతులు ఊపుకొంటూ, కొండ ఎక్కేవాడి అడుగులతో, దారి మధ్యలోంచి నడిచాడు. వెనక నుంచి అంబులెన్సు ఒకటి మెల్లగా వచ్చి పక్కన ఆగింది. ఎక్కుతారా అని అడిగారు. కాలు చూపించి, ఏది నొప్పిగా ఉందో, ఏది లేదో చెప్పి, నీళ్లు మాత్రం తీసుకున్నాడు.

చివరి మలుపు తిరిగేటప్పటికి రోడ్డు మీద బండ్లు మామూలుగా తిరుగుతున్నాయి. ప్లాస్టిక్ కమాను గాలి తీసి సగం మడిచారు. గడియారం లేదు. నేల మీద సున్నం గీత మాత్రం ఉంది. సుందరరాజు ఒక్కడే ఊరంతా వచ్చినట్టు అరుస్తున్నాడు. "రా అప్పా, రా! పుత్తూరు కట్టు అవసరం ల్యా!" సంతోషమ్మ మళ్లీ ఉబ్బాయేమోనని అతని పాదాల వైపే చూస్తోంది.

గీత దాటాడు. రాసే ప్యాడ్ పట్టుకొని నిలబడ్డ వాలంటీరు నంబరు చూసి, తన ఫోన్ చూసి, కాగితం చివర ఖాళీలో చేత్తో రాశాడు. చెంగల్రాయుడు వంగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని, ఆ కాగితం చదివాడు.

"ఆరు గంటల పదిహేడు అని రాసినావే. గీత దాటేటప్పటికి నా వాచీలో పద్దెనిమిది అయింది."

"టైం ఎప్పుడో అయిపోయింది కదన్నా. ఒక నిమిషం ఎక్కువైతే ఏం, తక్కువైతే ఏం?"

"పద్దెనిమిదే రాయి."

వాలంటీరు ఏడును కొట్టేసి ఎనిమిది రాశాడు. చెంగల్రాయుడు సరిగా రాశాడో లేదో చూసి, అప్పుడు నీళ్లు అడిగాడు.